గాలి ఆయనది, ముక్కు ఆమెది

నెవిల్ ట్రెగెంజా ఎవరింటికి వెళ్లినా కూర్చోవడానికి కుర్చీ చూసుకోడు, ముందు తలుపు కింద సందు చూసుకుంటాడు. బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి, ఆ సందు దగ్గర అరచెయ్యి ఆనించి, గాలి లోపలికి వస్తోందో బయటికి పోతోందో తేల్చుకుంటేగానీ ఆయనకు స్థిమితం ఉండదు. పెళ్లికి వెళ్తే అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటారు, ఈయన పైకప్పులో చల్లగాలి వచ్చే జాలీల వైపు చూస్తుంటాడు. బాలరాట్ ఊళ్లో తెలిసినవాళ్లందరూ దీనికి అలవాటు పడిపోయారు. కొత్తవాళ్లు మాత్రం పాపం పెద్దాయనకు నడుం నొప్పేమో అనుకుని దిండు తెచ్చి ఇస్తారు.

అది నడుం నొప్పి కాదు, వృత్తి. నలభై ఒక్క ఏళ్లు ఆయన పెద్ద పెద్ద భవనాల్లో గాలి సరిచేసే పని చేశాడు. ఆసుపత్రిలో ఆపరేషన్ గది గాలి వరండాలోకి పోవాలి, వరండా గాలి మాత్రం లోపలికి రాకూడదు. కోర్టులో జడ్జి మెడ మీద చలిగాలి పడకూడదు, పడితే ఆ రోజు ముద్దాయికి మూడినట్టే. ఇలాంటివన్నీ చేతిలో గాలి వేగం కొలిచే మీటరు, నిచ్చెన, స్క్రూడ్రైవరు పట్టుకుని గదిగదికీ తిరిగి సరిచేసేవాడు. ఇంతా చేస్తే ఆ పనికి మెప్పంటూ ఉండదు. గాలి బాగా లేకపోతే తిట్టడానికి ఊరంతా ఉంటుంది, బాగుంటే బాగుందని చెప్పే మనిషి ఒక్కడూ ఉండడు. నెవిల్‌కు దాని మీద కోపమేమీ లేదు. ఎవరూ పట్టించుకోలేదంటే పని కుదిరిందని లెక్క వేసుకునేవాడు. అంత నెమ్మదస్తుణ్ణి చూస్తే నాకైతే ఒళ్లు మండుతుంది, కానీ ఆయన స్వభావమే అంత.

రిటైరైన ఏడాది చలికాలంలో ఏం తోచక, ఇంట్లోనే కాఫీ గింజలు వేయించే యంత్రం ఒకటి కట్టాడు. స్టీలు డ్రమ్ము, దాని కింద పాత హీటరు తీగలు, డ్రమ్మును తిప్పడానికి కారు వైపరు మోటారు, పొగను లాగడానికి చిన్న ఫ్యాను, గింజల పొట్టు రాలి పడడానికి రేకు డబ్బా, అక్కణ్ణుంచి కిటికీ బయటికి గొట్టం. రేకు పనంతా ఆయన చేతిదే. అతుకు ఎక్కడుందో వేలు పెట్టి తడిమినా దొరకదు. ఫ్యాను మీట చుట్టూ తెల్లరంగుతో ఒకటి నుంచి తొమ్మిది దాకా గీతలు గీశాడు. ఆ గీతల కోసం పదకొండు వారాలు పట్టింది.

ఎందుకంటే గింజలు వేయించడంలో వేడి ఎంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. గాలి తక్కువైతే పొగ గింజల మీదే కూర్చుంటుంది, కాఫీ పొగచూరుతుంది. ఎక్కువైతే వేడంతా గొట్టం వెంట పారిపోతుంది, కాఫీ ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలా తయారవుతుంది. ఈ రెంటికీ మధ్య చాలా ఇరుకు చోటుంది. దాన్ని పట్టుకోవడానికి నెవిల్ గింజలు పోసే మూతి దగ్గర పల్చటి కాగితం పీలిక ఒకటి అంటించేవాడు. అది ఊరికే వేలాడితే గాలి చాలదు. లోపలికి పీల్చుకుపోతే మరీ ఎక్కువ. ఎదుటివాళ్ల మాట వినడానికి మనిషి తల వంచినంత, అంతే వంగాలి. అప్పుడు మీట ఎక్కడుందో చూసి గీత పెట్టుకోవాలి. చలికాలం నాలుగున్నర, ఎండాకాలం ఐదు.

గాలి సంగతి ఆయన చూసుకునేవాడు. మిగతాదంతా ఆయన భార్య డల్సీ ముక్కు చూసుకునేది. డల్సీ ఇరవై ఆరేళ్లు బేకరీలో పనిచేసిన మనిషి. ఓవెన్ తలుపు తెరవకుండానే ఎడమ చేతి వైపు ట్రే అయిపోయింది తీయండని చెప్పగలిగేది. నెవిల్ గడియారం, థర్మామీటరు, నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంటే, ఆమె బట్టలు మడతపెట్టుకుంటూ పక్కనుంచి 'ఇప్పుడు' అనేది. ఆయన తీసేవాడు. గడియారం ఇంకా నలభై సెకన్లుందని చెప్పినా తీసేవాడు, ఎందుకంటే గడియారం చాలాసార్లు తప్పింది, ఆమె తప్పలేదు. శనివారం పొద్దున పది గంటలకు, వంటింటి వెనక బట్టలుతికే గదిలో, ఆరేళ్లు అలా గడిచాయి. వాళ్ల కాపురంలో అంత బాగా గడిచిన రోజులు అంతకుముందు లేవని ఇద్దరూ ఒప్పుకుంటారు.

తర్వాత ఒక చలికాలం ఇద్దరికీ జ్వరం తగిలింది. నెవిల్‌ది వారంలో పోయింది. డల్సీది కూడా పోయింది గానీ, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. మూడు నెలలు ఆమెకు ఉల్లిపాయకూ ఆపిల్ పండుకూ తేడా తెలియలేదు. ఆ తర్వాత వాసన తిరిగొచ్చింది, కానీ వంకరగా వచ్చింది. వేగుతున్న ఉల్లిపాయ మురుగుకాలవ వాసన వేసేది. చాక్లెట్ పెట్రోలు వాసన వేసేది. కాఫీ మరీ ఘోరం, కాలుతున్న టైరు. మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు డల్సీ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని సింకు దగ్గరికి పరుగెత్తింది. నెవిల్ ఆ క్షణమే వెళ్లి యంత్రం ప్లగ్గు పీకేశాడు.

మర్నాడు డల్సీయే దాన్ని మళ్లీ పెట్టింది.

"నువ్వు ఊరికే ఉంటే పొద్దస్తమానం నా వెనకాలే తిరుగుతావు," అంది. "టైరు వాసనైనా భరిస్తాను గానీ అది నావల్ల కాదు."

"షెడ్డులో పెట్టుకుంటానులే."

"పెట్టుకో చూద్దాం."

పెట్టుకున్నాడు. బాలరాట్‌లో జూలై అంటే నడి చలికాలం, రేకుల షెడ్డు, కింద సిమెంటు గచ్చు. ఇరవై ఐదు నిమిషాలు వేయించినా గింజలు పచ్చగానే ఉన్నాయి, నెవిల్ వేళ్లు మాత్రం నీలంగా అయ్యాయి. మూడో శనివారం డల్సీ షెడ్డు గుమ్మంలో నిలబడి, "నీకు న్యుమోనియా వస్తే చాకిరీ చేసేది నేనే, లోపలికి తెచ్చుకో," అని చెప్పి వెళ్లిపోయింది. యంత్రం మళ్లీ బట్టలుతికే గదిలోకి వచ్చింది. ఈసారి దానికో నియమం పెట్టాడు. వంటింటికీ ఆ గదికీ మధ్య తలుపు మూసి, వంటింటి వైపు నుంచి కింద సందులో తువ్వాలు చుట్టి కుక్కి, ముందు గుమ్మంలోంచి ఇల్లంతా చుట్టి పెరట్లోకి నడిచి, వెనక తలుపులోంచి యంత్రం దగ్గరికి వెళ్లేవాడు. డల్సీ ముందు గదిలో కిటికీ తెరుచుకుని రేడియో వింటూ కూర్చునేది. తన కాఫీ ఆయన వెనక గదిలోనే తాగి, నోరు పుక్కిలించుకుని వచ్చేవాడు. ఆమె వేణ్ణీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగేది.

క్లినిక్‌లో నర్సు ఆమెకు నాలుగు చిన్న సీసాలిచ్చింది. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి తైలం. పొద్దునా సాయంత్రం ఒక్కోటి పదిహేను సెకన్లు వాసన చూస్తూ, అసలు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టమంది. డల్సీ బల్ల దగ్గర కూర్చుని సీసా ముక్కు దగ్గర పెట్టుకుంటే, నెవిల్ ఎదురుగా కూర్చుని ఆమె మొహం చూసేవాడు. కనుబొమ్మ కదిలితే "వచ్చిందా?" అనేవాడు. ఆమె లేదని తల ఊపేది. ఈ 'వచ్చిందా', ఆ 'లేదు' రెండేళ్లు నడిచాయి. రాత్రిపూట దేవుణ్ణి తలుచుకునే అలవాటు ఆయనకు లేదు. ఉండి ఉంటే ఆయన అడిగేది ఈ ఒక్కటే.

ఈ ఏడు జూన్‌లో గాలి మొండికేసింది.

ఎనిమిది నిమిషాల దాకా అంతా బాగానే ఉంటుంది. పీలిక చక్కగా తల వంచుకుని ఉంటుంది. తొమ్మిదో నిమిషంలో, గింజలు గోధుమరంగు తిరిగి కాఫీ వాసన మొదలయ్యే సమయానికి, పీలిక ఉన్నట్టుండి చచ్చినట్టు వేలాడిపోతుంది. డ్రమ్ము మూతిలోంచి పొగ గదిలోకి వచ్చేస్తుంది. మీట తిప్పితే కాస్త లేస్తుంది, మళ్లీ పడుతుంది. గింజలు తీసేసి చూస్తే పొగచూరి ఉంటాయి. అదయ్యాక వట్టి యంత్రం ఆడించి చూస్తే పీలిక మళ్లీ బుద్ధిగా వంగుతుంది.

నెవిల్ ఫ్యాను మార్చాడు. మోటారు బెల్టు మార్చాడు. పొట్టు డబ్బా విప్పి కడిగాడు. వేడెక్కితే రేకు వ్యాకోచించి ఎక్కడైనా సందు పడుతోందేమోనని అతుకులన్నిటికీ మళ్లీ టేపు చుట్టాడు. శనివారం మధ్యాహ్నం తన కాఫీ గింజల పొట్లం తీసుకోవడానికి వచ్చే క్లైవ్‌కు ఇదంతా పెద్ద వినోదమైంది. క్లైవ్ ఆయనతో పాతికేళ్లు పనిచేసిన ప్లంబరు. పొట్లంలో ఇసుక పోసిచ్చినా కాచుకుని తాగి బాగుందనే రకం.

"ఆసుపత్రి గాలంతా నీ మాట విన్నది గదరా," అన్నాడు క్లైవ్. "సొంతింటికొచ్చేసరికి ఇదేంటి?"

"నవ్వు, నవ్వు. నిచ్చెన పట్టుకో ముందు."

కిటికీ బయట గొట్టం చివర చూస్తే లోపల పిడికిలంత మట్టిగూడు ఉంది. కందిరీగ ఎండాకాలంలో కట్టి వదిలేసినది. క్లైవ్ దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి బయటికి లాగి, దొంగను పట్టినవాడిలా అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

"ఇదిగో నీ దెయ్యం. వారం వారం నువ్వేమో టేపులు చుట్టుకుంటున్నావు."

"తొమ్మిదో నిమిషం దాకా ఊరుకుని అప్పుడు అడ్డం పడే గూడేంట్రా?"

"ఏమో మరి, కందిరీగ బుర్రలోకి నేనెలా దూరను."

ఇద్దరూ సంబరపడి ఆ రోజు సాయంత్రం చెరో బీరు తాగారు. పై శనివారం తొమ్మిదో నిమిషంలో పీలిక మళ్లీ పడిపోయింది.

నెవిల్‌ను బాధపెట్టింది పాడైన గింజలు కాదు. అలా అయినప్పుడల్లా ఆయన ఇల్లు చుట్టి లోపలికి వెళ్లేసరికి వంటింట్లో కాఫీ వాసన నిండి ఉండేది. డల్సీ కళ్లు ఎర్రగా, తడిగా ఉండేవి. "ఏం లేదులే, ఉల్లిపాయలు తరిగాను," అనేది. పొయ్యి మీద ఉల్లిపాయల జాడ ఉండేది కాదు. తన యంత్రం పొగంతా తువ్వాలు దాటి లోపలికి వెళ్లి ఆమెను ఏడిపిస్తోందని, ఆమె మంచితనం కొద్దీ దాచుకుంటోందని ఆయనకు అర్థమైంది. అర్థమైందనుకున్నాడు. రెండేళ్లుగా ఆమెకు బాగవ్వాలని ఎదురుచూసే మనిషి, వారం వారం తన చేత్తోనే ఆమెకు ఆ నరకం చూపిస్తున్నాడు. నలభై ఏళ్ల పనితనం సొంతింట్లో ఒక్క గొట్టం పొగను బయటికి పంపలేకపోతే ఇంకెందుకు?

ఆరో వారం, బుధవారం పొద్దున డల్సీ లవంగం సీసా ముక్కు దగ్గర పెట్టుకుని ఉండగా చెప్పాడు.

"ఈ శనివారంతో ఆఖరు. యంత్రం విప్పేస్తాను."

ఆమె సీసా కిందపెట్టింది. "ఎందుకు?"

"గాలి నిలవడం లేదు. పొగ నీ మీదకొస్తోంది."

"నేనేమన్నా అన్నానా?"

"నువ్వు అనవు. అదే నా బాధ."

"ఇంకో మూడు శనివారాలు చూడు."

"మూడేంటి, ఏం లెక్కది?"

"అయితే నాలుగు చూడు."

ఆమె కాస్త కంగారుగా అంది. యంత్రం పోతే తను దిగులుపడతానని అలా అంటోందనుకుని నెవిల్ ఇంకా కుంగిపోయాడు. వద్దులే, తేల్చుకున్నాను అన్నాడు. డల్సీ సీసా మూత పెట్టి లేచి వెళ్లిపోయింది. లవంగం సీసాకు గులాబీ సీసా మూత పెట్టింది, అది ఆయన చూశాడు, చూసి కూడా తప్పుగానే అర్థం చేసుకున్నాడు.

శనివారం పదింటికి ఆఖరి గింజలు పోశాడు. ఇక బాగుచేసేది లేదు కాబట్టి చేతులు ఖాళీగా ఉన్నాయి. అలమరలో పాత మీటరు కనిపిస్తే తీసి ఊరికే చేత్తో పట్టుకున్నాడు. పనిలో చేరిన కుర్రాళ్లకు ఆయన మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది. ఫ్యాను జోలికి వెళ్లకు, యంత్రం జోలికి వెళ్లకు, ముందు తలుపులు చూసిరా. ఎవడో ఒకడు తలుపు తెరిచిపెట్టి టీకి వెళ్లుంటాడు, నువ్విక్కడ రోజంతా ఫ్యాను విప్పుకుంటూ కూర్చుంటావు. ఈ మాట కొన్ని వందల మందికి చెప్పాడు. వినకపోతే తిట్టాడు కూడా. అలాంటి మనిషి ఆరు వారాలుగా తన ఇంట్లో తలుపు చూడలేదు. ఎందుకు చూస్తాడు, మూసింది తనే, తువ్వాలు కుక్కింది తనే. పైగా ఆ తలుపు ఆయన వీపు వెనక, వేలాడేసిన వానకోట్ల చాటున ఉంటుంది. ఏ చప్పుడైనా వినిపిస్తుందా అంటే, ఫ్యాన్ల గదుల్లో నలభై ఏళ్లు గడిపిన చెవులు, దానికి తోడు వైపరు మోటారు గోల.

తొమ్మిదో నిమిషంలో పీలిక పడిపోయింది. నెవిల్ యంత్రం వైపు చూడలేదు. మీటరు పట్టుకుని గది మధ్యలోకి నడిచాడు. ముల్లు కదిలింది. వానకోట్ల వైపు అడుగు వేస్తే ఇంకా కదిలింది. గాలి ఆయన చెవుల పక్కనుంచి, మెడ మీదుగా, కోట్లను ఊపుకుంటూ వంటింట్లోకి పోతోంది. కోట్లు పక్కకు జరిపాడు.

తలుపు నాలుగు వేళ్లంత తెరిచి ఉంది. తువ్వాలు చక్కగా మడతపెట్టి కుర్చీ మీద ఉంది. పొయ్యి మీద చిమ్నీ ఆఖరి నంబరులో హోరుమంటూ, బట్టలుతికే గదిలోని పొగనంతా వంటింట్లోకి లాగుతోంది. ఆ చిమ్నీ కింద ఎత్తు స్టూలు వేసుకుని, ఏప్రను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మొహం పైకెత్తి డల్సీ కూర్చుని ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మధ్యమధ్య పొట్టలోంచి తన్నుకొచ్చినట్టు డోకు వస్తోంది. స్టూలు అంచు గట్టిగా పట్టుకుని, దాన్ని మింగి, మళ్లీ మొహం పొగలోకే పెడుతోంది.

నెవిల్ కదల్లేదు. వెనక గింజలు చిటపటలాడడం మొదలైంది, ఆగింది, రెండోసారి మొదలైంది. తీయాల్సిన సమయం దాటిపోయింది. నల్లగా మాడి నూనె కక్కుతున్నాయని వాసనే చెబుతోంది. జీవితంలో ఎన్నడూ చేతిలో పని వదిలెయ్యని మనిషి, ఆ రోజు మాడనిచ్చాడు. పొగ మరీ ఎక్కువై డల్సీకి దగ్గొచ్చి కళ్లు తెరిచింది. తలుపు సందులో మొగుడి మొహం కనిపించింది.

"గింజలు మాడుతున్నాయి," అంది.

"మాడనీ. ఏం చేస్తున్నావు నువ్వు?"

"ముందు అది కట్టేసి రా."

కట్టేసి వచ్చాడు. ఆమె చిమ్నీ ఆపి, అదే ఏప్రనుతో మొహం తుడుచుకుంది.

"జూన్‌లో ఒకరోజు," అంది, "నువ్వు తువ్వాలు సరిగ్గా కుక్కలేదు. నేను నీళ్లకోసం వంటింట్లోకి వచ్చాను. ఒక్క ఊపిరి. ఒక్కటే. అసలు కాఫీ వాసన వచ్చింది. టైరు కాదు. మళ్లీ పీల్చేసరికి పోయింది."

నెవిల్ కుర్చీ మీది తువ్వాలు వైపు చూశాడు.

"అప్పట్నుంచి వారం వారం లాక్కుంటున్నాను. చాలాసార్లు టైరే. మళ్లీ రెండుసార్లు వచ్చింది. మొన్నటి వారం కాస్త ఎక్కువసేపే ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

డల్సీ ఆయన చేతిలో మీటరు వైపు చూపించింది. "దాని వల్లే. చెబితే నువ్వు పొద్దున్నే లేచి నా మొహాన్ని అలా చూస్తావు, ముల్లు ఎంత కదిలిందా అని. వచ్చిందా, వచ్చిందా అంటావు. రాలేదన్న ప్రతిసారీ నీ భుజాలు జారిపోతాయి. నా ముక్కు సంగతి నేను పడతాను, నెవిల్. నీ భుజాలు చూడలేను."

రెండేళ్లు ఎదురుగా కూర్చుని సాయం చేస్తున్నానని అనుకున్నాడు. ఆమె మోసిన బరువులో సగం తనదే అని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అంతకు మించి, ఆ స్టూలు మీద డోకులు మింగుకుంటూ కూర్చున్న మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. మీటరు తీసి సొరుగులో పెట్టేశాడు.

"చిమ్నీ ఎంత మీద పెడుతున్నావు?" అన్నాడు.

"మూడు."

"మూడు మరీ ఎక్కువ. ఒకటి చాలు. తలుపు నాలుగు వేళ్లు ఉంచు."

"విప్పేస్తానన్నావుగా?"

"ఎవరన్నారు?"

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కలిసి గాలి సరిచేశారు. ఆమె వంటింట్లో చిమ్నీ దగ్గర, ఆయన యంత్రం దగ్గర. ఒకటి మీద పెట్టు, రెండు మీద పెట్టు, తలుపు కాస్త మూయి, చాలు అని అరుచుకుంటూ కాగితం పీలిక చూసుకున్నారు. చిమ్నీ నడుస్తుండగా పీలిక సరిగ్గా వంగాలంటే ఫ్యాను ఏడు మీద ఉండాలని తేలింది. తేలాక నెవిల్ ఒక సంగతి గమనించాడు, ఆమెకు చెప్పలేదు. ఏడు మీద పెడితే కాఫీ బ్రహ్మాండంగా వేగుతుంది, కానీ వాసనంతా కిటికీలోంచి పోతుంది, వంటింట్లోకి ఏమీ రాదు. ఐదున్నర మీద పెడితే వాసన ఆమెకు చేరుతుంది, కాఫీ మాత్రం పొగచూరుతుంది. రెండూ ఒకేసారి కుదిరే చోటు లేదు. ఆయన ఐదున్నర మీద పెట్టాడు.

డల్సీ షరతు ఒక్కటే. నా వైపు చూడకు, ఏమీ అడగకు. అలాగే చేశాడు. ప్రతి శనివారం తలుపు తెరిచిపెట్టి, ఆమెకు వీపు పెట్టి కూర్చుని, పీలిక నీరసంగా వేలాడుతుంటే దాన్నే చూస్తూ, తెలిసి తెలిసి చెడ్డ కాఫీ వేయించాడు. వీపు వెనక ఒక్కోసారి డోకు వినిపించేది, ఒక్కోసారి ఏమీ వినిపించేది కాదు. రెండిట్లో దేనికి సంతోషించాలో తెలియక గింజలు కలుపుతూ కూర్చునేవాడు. పొద్దున సీసాల దగ్గర కూర్చోవడం మానేశాడు. ఆ వేళకు పెరట్లోకి వెళ్లి గులాబీ మొక్కలు కత్తిరించేవాడు, పాపం వాటికి కొమ్మలు మిగల్లేదు. క్లైవ్ మాత్రం తన పొట్లం తీసుకెళ్లి, ఈమధ్య నీ చెయ్యి బాగా తిరిగిందిరా, ఇంత మంచి కాఫీ ఎప్పుడూ ఇవ్వలేదు అన్నాడు.

సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున్న నెవిల్ బట్టలుతికే గదిలో నిలబడి తన కప్పు తాగుతున్నాడు. తలుపు తెరుచుకుని డల్సీ లోపలికొచ్చింది. రాత్రి గౌను మీద ఆయన ఉన్ని కోటు వేసుకుని ఉంది. ఏమీ అనకుండా ఆయన చేతిలోంచి కప్పు తీసుకుని ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది. నెవిల్ మాట తప్పాడు, ఆమె మొహంలోకే చూశాడు.

"టైరేనా?" అన్నాడు మెల్లగా.

ఆమె ఇంకో గుక్క తాగి, నాలుక మీద తిప్పుకుని మింగింది.

"టైరు కాదు," అంది. "పొగ. పొగచూరిపోయింది ఈ కాఫీ. ఇంత చెత్తగా నువ్వెప్పుడూ వేయించలేదు. ఫ్యాను ఎంత మీద పెట్టావు?"

"ఐదున్నర."

"ఐదున్నరా? చిమ్నీ నడుస్తుంటే ఏడుండాలని నాకే తెలుసు, నీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. ఆ గింజల్లో పొగ ఉందని ఊళ్లో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మామూలు ముక్కు పట్టలేనంత కొంచెం, డల్సీ పాత ముక్కు మాత్రమే పట్టగలిగినంత. బట్టల బుట్ట మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని నెవిల్ ట్రెగెంజా ఏడ్చాడు. డల్సీ ఆయన భుజం మీద చెయ్యి వేసి, కప్పు అడుగు దాకా తాగింది. ప్రతి గుక్కకూ ఒక వంక పెట్టింది, ఆఖరి గుక్కకు గింజలు కూడా సరిగ్గా ఏరలేదంది. తర్వాత ఖాళీ కప్పు ఆయన ఒళ్లో పెట్టి, ఇంకో కప్పు ఇమ్మంది.